కోత పండుగ కానుక, కోతవారి కూలి

సార్వా (ఖరీఫ్ పంట) మాసూళ్లు ఇళ్లకు చేరాక గోదావరి డెల్టాలోని అనేక క్రైస్తవ సంఘాలు కోత పండుగ జరుపుకుంటాయి. కొత్త ధాన్యం బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లకు తాడు కట్టిన కోళ్లు గుడిలో ఆరాధన బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన ముగిశాక వాటిని పాట పెడతారు. ఒక్క కొబ్బరికాయ వందల్లో పలకడం, పాడుకున్నవారు దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చేయడం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

ఆ రోజున బైబిల్లోని యాకోబు పత్రిక 5:4 కూడా చదవాలని నా అభిప్రాయం: “ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది.” కూలివాని కేక గురించి యాకోబు ఆ తర్వాత చెబుతాడు, ముందు మొరపెట్టేది, ఇవ్వవలసినవాని పెట్టెలోనే ఉండిపోయిన ఆ డబ్బు. అందులో కొంత కానుక కవరులో బల్ల మీదికి వస్తే, స్తుతితోబాటు ఆ మొర కూడా దేవుని సన్నిధికి చేరుతుందన్నమాట.

ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞాపిస్తుంది. కూలివాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకొని ఉంటాడన్నది అక్కడ చెప్పిన కారణం. “ధాన్యం డబ్బులు పడ్డాక చూద్దాం” అనే మాట మన ఊళ్లలో మామూలైపోయింది. అలా అనే చిన్న రైతు చాలాసార్లు తానూ డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాడే కనుక అతణ్ణి మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. డిసెంబరు తుపానుకు చేను పడిపోయిన ఏడు కూడా కౌలు బస్తాలు ఒక్కటీ తగ్గకుండా కొలిపించుకునే భూస్వామికి, తేమ సాకుతో కాటా దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ తరుగు తీసే వ్యాపారికి ఈ వచనం ఇంకా గట్టిగా తగులుతుంది.

రక్షణ విశ్వాసమూలమైనదే కదా, క్రియల ప్రసక్తి ఎందుకని అడిగేవారున్నారు. రాజమండ్రి ప్రాంతంలో లూథరన్ సంఘాలు ఎక్కువ కనుక ఈ సంగతి చెప్పాలి: యాకోబు పత్రికను గడ్డితో పోల్చిన, ఆ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరే, అదే 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం మంచి పనులు చేయాలా అని అడగదని, అడిగేలోపే చేసి ఉంటుందని అన్నాడు.

బలిపీఠం దగ్గర ఉండగా సహోదరునికి నీ మీద విరోధమున్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5:23-24లో చెప్పాడు. ఆ మాట విన్న గలిలయవారికి బలిపీఠమంటే యెరూషలేములోనిదే; అక్కణ్ణుంచి ఇంటికి వెళ్లి తిరిగి రావడమంటే రోజుల తరబడి నడక. మనకు ఆ ప్రయాణం కూడా అక్కర్లేదు, కోసినవారూ కోయించినవారూ చాలాచోట్ల ఒకే సంఘంలో ఉన్నారు.