పాటిదిబ్బ పక్కన లేఅవుట్: ట్రయల్ ట్రెంచ్‌లతో నా అనుభవం

వంశధార ఒడ్డున, పాటిదిబ్బ (పాతకాలపు ఊరు పూడుకుపోయిన మట్టిదిబ్బ) పక్కనున్న మూడెకరాల ఇళ్ల లేఅవుట్‌లో నమూనా తవ్వకం పూర్తయింది. అంటే ఇళ్లు కట్టకముందే నేల కింద పాత ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో చూడ్డానికి అక్కడక్కడ సన్నటి కందకాలు (ట్రయల్ ట్రెంచ్‌లు) తవ్వడం. ఒళ్లుమంట తగ్గకముందే రాసేస్తున్నాను.

కాగితాల పని తేలికే. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దరఖాస్తు 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు చేరాలి. వాళ్లకు రెండు నెలలు, తుది ఉత్తర్వుకు మరో నెల గడువు.

స్థలంలో ఐదు శాతం తెరవమన్నారు. మూడెకరాలంటే సుమారు 12,140 చదరపు మీటర్లు కాబట్టి 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుతో పది ట్రెంచ్‌లు వేస్తే దాదాపు సరిపోయింది. పైమట్టికి జేసీబీ పెట్టాం గానీ పళ్లు లేని బకెట్‌తోనే. పళ్ల బకెట్ పొరల రంగులన్నీ కలిపి పులిమేస్తుంది. ఒక్కో విడతకు పది సెంటీమీటర్లు మించి గీకనివ్వకండి. పైమట్టి ఒక కుప్ప, కింది మట్టి ఒక కుప్ప, రెండూ అంచుకు మీటరు దూరంలో ఉండాలి. పాటిమట్టిని ఎరువుగా బళ్లకెత్తి పొలాలకు తోలుకుపోయిన ఊళ్లు మనవి. పై పొరలు లేకపోతే కంగారుపడక్కర్లేదు, కిందివి ఉండొచ్చు.

అసలు గొడవ నాలుగో ట్రెంచ్‌లో వచ్చింది. పసుపు ఒండ్రులో మీటరు అడ్డం ఉన్న గుండ్రటి నల్ల మచ్చ. తనిఖీకొచ్చిన పెద్దమనిషి మిట్టమధ్యాహ్నం గట్టు మీదే నిలబడి, "తాటిమొద్దు గొయ్యండీ ఇది, రాసేసి పూడ్చండి" అన్నాడు. కూలీల ముందు, "ఇది కూడా తెలీదా?" అని ఒక నవ్వు కూడా. శ్రీకాకుళం జిల్లా సాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి గారు కొండెక్కి చూశారు. ఈయన రెండడుగుల గోతిలోకి దిగలేదు.

మచ్చను పైనుంచి చూసి తీర్పు చెప్పకూడదు, సగం కోసి చూడాలి. పొద్దున్నే తాపీతో శుభ్రంగా గీకి, స్ప్రేయర్‌తో సన్నగా నీళ్లు కొట్టి కాసేపు ఆగండి. మట్టి ఎండితే అంతా ఒకే బూడిదరంగు, తడిస్తే అంచు తేలుతుంది. కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తు పెట్టి ఫొటో తీయండి. రెండు మేకులు కొట్టి మచ్చ నడిమికి పురికొస లాగి, ఒక్క సగమే అంచు వెంబడి తవ్వండి. మిగిలిన సగం నిలువు ముఖంలో లోపలేం నిండిందో కనిపిస్తుంది. దాన్ని 1:10 కొలతలో (అసలులో పదో వంతు సైజులో) కాగితం మీద గీశాకే రెండో సగాన్ని పొరపొరగా తీయాలి. ఏ పొర పెంకులు ఆ సంచిలోనే. చీటీ పెన్సిల్‌తో రాసి, లోపలొకటి, బయటొకటి. పెన్ను సిరా తడికి పోతుంది.

తాటికి తల్లివేరు ఉండదు. వేలంత లావు వేర్లు గుత్తిగా నాలుగువైపులా పోతాయి, మొద్దు కుళ్లినా వాటి గొట్టాల్లాంటి బొరియలు మిగులుతాయి, అంచు చెదిరిపోయి ఉంటుంది. మనిషి తవ్విన గోతికి అంచు కత్తితో కోసినట్టుంటుంది. మాకు దొరికింది రెండోదే: అడుగున బూడిద, దానిపై చేపముళ్లు, ఆపైన నలుపు-ఎరుపు కుండపెంకులు. ఫొటోలు, గీసిన బొమ్మ పంపాక "తాటిమొద్దు" నివేదికలోంచి మాయమైంది. క్షమాపణ మాత్రం రాలేదు. ఆ చుట్టూ ఉన్న రెండు ప్లాట్లను పార్కు స్థలంలోకి మార్చారు. గోతుల మీద ఇల్లు కట్టడం కంటే పార్కు పెట్టడం అందరికీ చవక.

ఊళ్లో "లంకెబిందెలు దొరికాయేటి బాబూ?" అని అడగనివాళ్లు లేరు. రాత్రి కాపలా తప్పదు. ఎవరికి ఏం దొరికినా జేబులో వేసుకోవడం కుదరదు. 1878 నిధి చట్టం కింద విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాల్సిందే.

పూడ్చేటప్పుడే అందరూ తొందరపడతారు. అడుగున పలచగా ఇసుక పరిచి, కింది మట్టి ముందు, పైమట్టి తర్వాత, పాతిక సెంటీమీటర్లకోసారి తడిపి దిమ్మిస వేయించండి. ఒక్కసారిగా తోసేస్తే రెండు వానలకే దిగిపోతుంది. పునాది సగం పాత నేల మీద, సగం పూడ్చిన మట్టి మీద నిలిస్తే గోడ సరిగ్గా అక్కడే చీలుతుంది. ట్రెంచ్ మీద పడ్డ ప్లాటైతే పునాదిని దాని అడుగు దాటించి గట్టినేలలోకి దింపాలి. ట్రెంచ్‌ల కొలతలున్న ప్లాను నకలు ప్లాటు కొనేవాళ్లు పట్టుబట్టి తీసుకోండి. అడగందే లేఅవుట్ వాళ్లు ఇవ్వరు.