సౌండ్ సర్వర్ లేకుండా మూడు వారాలు

నా డెస్క్‌టాప్‌లో ఏ పాట మొదలుపెట్టినా, ఏ నోటిఫికేషన్ మోగినా, ముందుగా స్పీకర్లలో ‘టప్’మని ఒక చిన్న చప్పుడు వచ్చేది. వాడుతున్నది డెబియన్ 12 అనే లినక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్, వాటితోపాటు వచ్చిన పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్, అంటే ప్రోగ్రామ్‌ల ధ్వనులన్నిటినీ తీసుకుని సౌండ్ కార్డుకు చేరవేసే మధ్యవర్తి. నా అనుమానం నేరుగా సర్వర్ మీదికే పోయింది. దానికి పాత కారణం ఒకటి ఉంది: 2008 ప్రాంతంలో సౌండ్ సర్వర్ అనేది మొదటిసారి నా కంప్యూటర్‌లోకి వచ్చినప్పుడు పాటలు తెగితెగి వినిపించేవి, దాన్ని తీసేస్తే సర్దుకునేవి. లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే సౌండ్ కార్డును నడిపే ఆల్సా డ్రైవర్లు ఉండగా మధ్యలో ఈ దళారి ఎందుకన్న ప్రశ్న అప్పటినుండి నన్ను వదల్లేదు. దాన్ని ఈసారి తేల్చుకోవాలనుకుని, మూడు వారాలు సర్వర్ లేకుండా గడపడానికి సిద్ధపడ్డాను.

దాన్ని ఆపడమే అనుకున్నంత తేలిక కాలేదు. సర్వీసును ఆపిన మరుక్షణం, ఏదో ఒక ప్రోగ్రామ్ శబ్దం చేయబోగానే అది మళ్ళీ లేచి కూర్చునేది; ఎందుకంటే దాని సాకెట్ (ఇతర ప్రోగ్రామ్‌లు దాన్ని పిలిచే ద్వారం) ఇంకా తెరిచే ఉంది, ఆ సాకెట్‌ను ఎవరు తట్టినా సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ దాన్ని లేపుతుంది. చివరికి పైప్‌వైర్‌నూ, పల్స్ఆడియో అనే పాత సర్వర్‌కు రాసిన ప్రోగ్రామ్‌ల కోసం ఉన్న దాని అనుబంధ సర్వీసునూ, వాటి సాకెట్లతో సహా, పరికరాలను పైప్‌వైర్‌కు కలిపే వైర్‌ప్లంబర్‌తో సహా మాస్క్ చేస్తే (ఎవరూ లేపలేకుండా కట్టేస్తే) గానీ అవి ఊరుకోలేదు. ప్యాకేజీలను మాత్రం తీసేయలేదు. అలా తీస్తే గ్నోమ్‌లో సగం వాటి వెంటే పోయేలా ఉంది.

ఆ తర్వాత కంప్యూటర్ పూర్తిగా మూగబోయింది. ఆల్సా డిఫాల్ట్ దారి కూడా పైప్‌వైర్ వైపే చూస్తోందని అప్పుడు తెలిసింది. హోమ్ ఫోల్డర్‌లో ఆల్సా సెట్టింగుల ఫైలు ఒకటి నేనే రాసుకుని, మదర్‌బోర్డు మీది అనలాగ్ అవుట్‌పుట్‌ను పలు ధ్వనులను కలిపే డీమిక్స్ ద్వారా వాడమని చెప్పవలసి వచ్చింది. మొజిల్లా అందించే ఫైర్‌ఫాక్స్‌లో 52వ వెర్షన్ నుండి, అంటే 2017 మార్చి నుండి, ఆల్సా మద్దతు లేదని ముందే తెలుసు గనుక బ్రౌజర్‌గా క్రోమియం పెట్టుకున్నాను. ఆ సాయంత్రం పాట వినిపించింది. దానికంటే ముందు ‘టప్’ కూడా వినిపించింది.

అసలు దోషి నేనే. కరెంటు ఆదా చేసే ఒక యుటిలిటీని కొన్ని నెలల క్రితం వేసుకున్నాను. అది ఆడియో డ్రైవర్‌లోని పవర్ సేవింగ్ విలువను 1గా మార్చింది, అంటే ఒక్క సెకను నిశ్శబ్దం దొరికితే చాలు, ఆడియో చిప్ నిద్రలోకి జారుకునేది. మళ్ళీ మేలుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు. విలువను 0 చేశాను, చప్పుడు పోయింది. సర్వర్‌ను ఆపే అవసరమే లేదని తేలిపోయినా, మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలడం ఇష్టం లేక మూడు వారాలూ కొనసాగించాను. నేర్చుకున్నదంతా ఈ మొండితనం వల్లనే.

సర్వర్‌ను తీసేస్తే ధ్వని నేరుగా, స్వచ్ఛంగా కార్డుకు చేరుతుందన్న నా నమ్మకం ముందుగా చెదిరింది. సౌండ్ బ్లాస్టర్ లైవ్ వంటి పాత కార్డులు ఒకేసారి అనేక ధ్వనులను తామే కలిపేవి. నేటి మదర్‌బోర్డుల మీది చిప్‌లకు సాధారణంగా ఆ సామర్థ్యం ఉండదు కాబట్టి ఎక్కడో ఒకచోట సాఫ్ట్‌వేరే కలపాలి. సర్వర్ లేనప్పుడు ఆ పనిని ఆల్సా లైబ్రరీలోని డీమిక్స్ చేస్తుంది. నా అమరికలో అది 48,000 హెర్ట్జ్‌కు (సెకనుకు 48,000 శాంపిళ్ళు, అంటే ధ్వని కొలతలు) కట్టుబడి ఉంది, కాబట్టి సీడీల నుండి తీసుకున్న 44,100 హెర్ట్జ్ పాటలన్నీ మార్పిడి అయ్యే వెళ్ళేవి. పైగా అదనపు ప్లగిన్లు వేయకపోతే ఆల్సా ఆ మార్పిడిని చాలా సాదా పద్ధతిలో కానిస్తుంది. దళారిని తప్పించాననుకున్నాను గానీ, అంతకంటే మోటు పనివాడి చేతికి అప్పగించాను.

రెండో వారంలో వెబ్‌క్యామ్‌ను గుచ్చి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే శబ్దం మాయమైంది. వెబ్‌క్యామ్‌లోని మైకు కూడా ఒక సౌండ్ కార్డు కిందే లెక్క. కార్డుల వరుస మారిపోయి, నా ఫైలులోని నంబరు వేరే పరికరాన్ని చూపుతోంది. నంబరు బదులు కార్డు పేరు రాసి దాన్ని సరిచేశాను. ప్యానెల్‌లో వాల్యూమ్ స్లైడర్ కనబడకుండా పోయింది గనుక శబ్దం తగ్గించాలంటే టెర్మినల్ తెరవాలి. ఇవన్నీ నేను ఓర్చుకోగలిగినవే.

ఇంట్లోవాళ్ళు ఓర్చుకోలేనిది బ్లూటూత్. మా అమ్మ రాత్రి తొమ్మిది దాటాక ఆ కంప్యూటర్ ముందే కూర్చుని బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో ప్రవచనాలు వింటుంది. లినక్స్‌లో బ్లూటూత్‌ను నడిపే బ్లూజ్ తన 5వ వెర్షన్‌లోనే, 2012లో, ఆల్సాతో ఉన్న నేరు సంబంధాన్ని తెంచుకుంది. అప్పటినుండి ఆ పనికి సౌండ్ సర్వర్ గానీ, బ్లూఆల్సా అనే ప్రత్యేక ప్రోగ్రామ్ గానీ కావాలి. బ్లూఆల్సాను పెట్టాను, పనిచేసింది కూడా. అయితే స్పీకర్లలో మోగుతున్న ప్రవచనాన్ని హెడ్‌ఫోన్స్‌కు మార్చాలంటే సెట్టింగు మార్చి, బ్రౌజర్‌ను మూసి, మళ్ళీ తెరవాలి. నాలుగు రోజులు చూసి అమ్మ, “ఒరేయ్, మునుపు చెవులకు పెట్టుకోగానే దానంతటదే వచ్చేది కదరా, దాన్ని ఏం చేశావు?” అని అడిగింది.

ఆమె అడిగినదే సౌండ్ సర్వర్ చేసే అసలు పని. ధ్వనులను కలపడం డీమిక్స్‌కూ వచ్చు. నడుస్తున్న పాటను ఆపకుండా ఒక పరికరం నుండి ఇంకొకదానికి మళ్ళించడం, ఒక్కో ప్రోగ్రామ్‌కు విడిగా వాల్యూమ్ ఉంచడం, కొత్తగా గుచ్చిన పరికరాన్ని గుర్తుపట్టడం, వీటికి అన్ని ప్రోగ్రామ్‌ల సంగతీ తెలిసిన ఒకరు మధ్యలో ఉండాలి. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ ఆ పని చేసే సర్వీసులు ఉన్నాయి, వాడేవారికి వాటి పేర్లు కూడా తెలియవు. దీనికి నేను చెల్లిస్తున్న మూల్యం ఎంతో తిరిగి పైప్‌వైర్‌ను లేపాక కొలిచాను: పాట వింటున్నప్పుడు ప్రాసెసర్‌లో ఒక శాతం కూడా దాటలేదు. సాధారణంగా అది ఒక విడతకు 1024 శాంపిళ్ళు తీసుకుంటుంది, 48,000 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 21 మిల్లీసెకన్ల ఆలస్యం. వీడియో చూసేవారికి అది తెలియనే తెలియదు. వాయిస్తూ తన వాద్యాన్ని తానే హెడ్‌ఫోన్స్‌లో వినవలసినవారు 128కి తగ్గించుకుంటే మూడు మిల్లీసెకన్ల లోపుకు వస్తుంది.

అయినా నా ఇంట్లో సర్వర్ లేని కంప్యూటర్ ఒకటి ఇప్పటికీ ఉంది. హాల్లోని పాత పెట్టెకు ఒకే ఒక్క యూఎస్‌బీ డాక్ (డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే పరికరం, DAC), పాటలు పాడే ప్రోగ్రామ్ ఒకే ఒక్కటి. ఆ ప్రోగ్రామ్ ఆల్సా ద్వారా డాక్‌ను నేరుగా పట్టుకుంటుంది, 44,100 హెర్ట్జ్ పాట 44,100గానే వెళుతుంది. దానిలో ఇంకెవరూ శబ్దం చేయలేరు, చేయవలసిన అవసరమూ లేదు. అమ్మ మాత్రం దాని జోలికి వెళ్ళదు.