రాజ్యము గీజ్యమున్ సతతమే

ఈమధ్య మా చుట్టాలింట్లో దశదినకర్మ భోజనాల దగ్గర ఒకాయన గొంతు సవరించుకుని "కారే రాజులు, రాజ్యముల్ గలుగవే" అని ఎత్తుకున్నాడు. అందరూ తలలూపారు. విస్తళ్లు తీయకముందే అన్నదమ్ములిద్దరూ రోడ్డు పక్క నాలుగు సెంట్ల సంగతి మొదలెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఎందరు రాజులు కాలేదు, పోతూ ఏం మూటగట్టుకుపోయారు అని అడిగే పద్యమది. పోతన భాగవతంలో వామనుడు మూడడుగుల నేల అడిగినప్పుడు బలి చక్రవర్తి అన్నది. బలి ఆ మాట చావింట్లో అనలేదండీ. యజ్ఞశాలలో, మూడు లోకాలూ తన గుప్పిట్లో ఉండగా, ఎదురుగా గురువు శుక్రాచార్యుడు వద్దు వద్దని చెబుతుంటే అన్నాడు.

ఆ సందర్భంలోనే ఇంకో పద్యం నాకు ప్రాణం. శ్రీసతి, అంటే లక్ష్మీదేవి, కొప్పుపై, ఉత్తరీయంపై, పాదాలపై తిరిగిన విష్ణువు చెయ్యి కిందయ్యి, నా చెయ్యి పైనుండటం మేలు కాదా అంటాడు. అంత సంస్కృతం పోసి పోసి, ఉన్నట్టుండి పోతన ఒక ఇంటి మాట వేశాడు చూడండి: "రాజ్యము గీజ్యమున్ సతతమే?" రాజ్యం గీజ్యం శాశ్వతమా అని. మనం కాఫీ గీఫీ, పెళ్లి గిళ్లి అన్నట్టే. ఆ ఒక్క 'గీ'తో స్వర్గం దాకా ఉన్న ఆస్తిని పక్కకి తోసేశాడు మహానుభావుడు. మనమూ అంటాం, "డబ్బు గిబ్బు ఏముందండీ" అని. జేబు ఖాళీగా ఉన్నప్పుడో, పక్కవాడు కారు కొన్నప్పుడో! అందులో వైరాగ్యం కంటే కడుపుమంటే ఎక్కువ. బలికి అన్నీ ఉన్నాయి, అయినా నోట్లో ఆ మాట అంత తేలిగ్గా ఆడింది. సంపదలో సుఖమా, సన్న్యాసంలో సుఖమా అని వాదించుకునేవాళ్లు ఆ 'గీ' దగ్గర కాసేపు ఆగాలి. ఆయన అడవికి పోలేదు, కాషాయం కట్టలేదు. ఒక్క సైగ చేశాడంతే. "భర్త సన్న యెఱిగి" వింధ్యావళి బంగారు కుండతో నీళ్లు తెచ్చింది. మనకేం మిగులుతుందండీ అని ఒక్క మాట అడగలేదు ఆ తల్లి.

తృప్తి లేనివాడు సప్తద్వీపాలిచ్చినా చక్కబడతాడా అని నీతి చెప్పిన ఆ వటువే, వామనుడిగా వచ్చిన విష్ణువే, రెండడుగుల్లో అన్నీ లాగేసుకున్నాడనుకోండి, అది వేరే ముచ్చట! పైగా "ఎవ్వనిఁ గరుణింప నిచ్ఛయించితి వాని యఖిల విత్తంబు నే నపహరింతు" అంటాడు. నిజం చెప్పొద్దూ, ఆ పాదం చదివినప్పుడల్లా నాకు బ్యాంకు ఖాతా గుర్తొచ్చి టెన్షన్ వస్తుంది. కానీ తీసుకున్నవాడు ఊరికే పోలేదు, బలికిచ్చిన సుతలమనే కింది లోకంలో ఆయన వాకిట్లో కాపలా ఉన్నాడు.

చిన్నప్పుడు ధనుర్మాసంలో హరిదాసు వస్తే మా నాయనమ్మ నా దోసిట్లో బియ్యం పోసేది. ఆయన నెత్తిన అక్షయపాత్రతో, మాటాపలుకూ లేకుండా, నా కోసం గడపముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు. నేను రెండు గింజలు వేళ్ల సందులో దాచుకోబోతే నాయనమ్మ నెత్తిన ఒక్కటిచ్చి, "దులుపు" అనేది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కిందకి వస్తే నేను బాల్కనీలోంచే ఫోన్‌లో పది రూపాయలు కొట్టేస్తున్నాను. సిగ్గుగానే ఉంది. ఈ ధనుర్మాసం కిందకి దిగండి, పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్ల చేత్తోనే వేయించండి. వేశాక వేళ్లు దులపమనండి.