మూడు నిమిషాల పాట అరగంట పాడిన రాత్రి

2017 జులై 25, మంగళవారం. న్యూజెర్సీలో ఎడిసన్ స్టేషన్‌కి నేను వెళ్ళేసరికే బావ రెండు టికెట్లు చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫిష్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ గురించి ఆయన చెప్పడం, నేను ఊఁ కొట్టడం అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్నదే. ఈసారి మాత్రం "పదమూడు రాత్రులు వాయిస్తున్నార్రా, ఒక్కదానికైనా రాకపోతే ఎలా" అని పట్టుబట్టాడు.

ఆ పదమూడుకి వాళ్ళు పెట్టుకున్న పేరు బేకర్స్ డజన్. డజను కొంటే పదమూడు ఇచ్చే పాతకాలపు బేకరీ లెక్కన్నమాట. జులై 21 నుంచి ఆగస్టు 6 దాకా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియంలో 13 షోలు, రోజుకో డోనట్ రుచి, ఆ రుచికి తగ్గట్టు ఆ రాత్రి పాటలు. ఒక రాత్రి వాయించిన పాట మిగతా రాత్రుల్లో మళ్ళీ వాయించలేదు, చివరికి లెక్క 237 పాటలు తేలింది! మేం వెళ్ళింది నాలుగో రాత్రికి. ఆ రోజు డోనట్, లోపల జామ్ పెట్టినది. జామ్ అంటే వీళ్ళ భాషలో ముందు అనుకోకుండా అప్పటికప్పుడు వాయించుకుంటూ పోవడం కూడా కాబట్టి, రుచి పేరు తెలిసిన దగ్గర్నుంచి బావకి కాలు నిలవలేదు.

రైలు దారిలో ఆగిపోయింది, అరగంట టెన్షన్. పెన్ స్టేషన్‌లో దిగితే గార్డెన్ సరిగ్గా నెత్తి మీదే ఉంటుంది, మెట్లెక్కి పరిగెత్తాం. ముందొచ్చినవాళ్ళకి పంచే డోనట్లు అప్పటికే అయిపోయాయి. పక్క సీటావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, మా మొహాలు చూసి తన దాంట్లో సగం తుంచి ఇచ్చింది. ఎర్రటి జామ్ వేళ్ళకంటుకుంది, తుడుచుకోవడానికి కాగితం కూడా లేదు, ఆ జిగట వేళ్ళతోనే చప్పట్లు మొదలుపెట్టాను.

నలుగురే మనుషులు. గిటార్ ట్రే అనస్టాసియో, బేస్ మైక్ గోర్డన్, కీబోర్డు పేజ్ మెకానల్, డ్రమ్స్ వెనక గుండ్రటి వలయాల గౌను వేసుకున్న జాన్ ఫిష్‌మన్. 1983లో వెర్మాంట్‌లో, కాలేజీ రోజుల్లో పుట్టిన బ్యాండ్. రెండో పాటకి పేజ్ కీబోర్డు వదిలి, మైకు పట్టుకుని ముందుకొచ్చి ‘లాన్ బాయ్’ ఎత్తుకున్నాడు. మెత్తగా, హోటల్లో రాత్రి భోజనాలప్పుడు పాడే పాటలా ఉంటుంది. మామూలుగా మూడు నిమిషాల్లో అయిపోతుందని బావ చెవిలో చెప్పాడు.

అవ్వలేదు. అయిపోవాల్సిన చోట ఆగకుండా బేస్ నడుస్తూనే ఉంది, దాని మీద గిటార్ చిన్న ముక్క ఒకటి వేసింది, కీబోర్డు అది అందుకుంది, ఎవరూ ఎవర్నీ దాటిపోవడానికి తొందరపడలేదు. జనానికి విషయం అర్థమైన క్షణం నాకు బాగా గుర్తు, ఒక అరుపు కింద ఫ్లోర్ నుంచి లేచి పై వరసల దాకా పాకింది. మా తెనాలి వైపు తిరునాళ్ళలో పౌరాణిక నాటకం ఆడితే పద్యం నాలుగు పాదాలూ ఎంతసేపు, చివర్లో నటుడు రాగం ఎత్తుకున్నాక హార్మోనియం ఆయన దాన్ని పట్టుకుని పైకి తీసుకెళ్తుంటే చాపల మీద కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు, ఆనక వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు. నాకు అదే గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ రాగం ఒక్కడిది, ఇక్కడ నలుగురిదీ, ఎటు పోతుందో ఆ నలుగురికీ కూడా తెలియదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ వినడమే. వాయిస్తున్నంతసేపూ ఒకరినొకరు వింటున్నారు.

కాసేపటికి వేగం పెరిగింది. క్రిస్ కురోడా అని వాళ్ళ లైట్ల మనిషి, సంగీతాన్ని బట్టి లైట్లు అప్పటికప్పుడు మారుస్తాడు, నీలం కాస్తా ఎరుపైపోయింది. గార్డెన్ ఫ్లోర్ నేల మీద ఉండదు, స్టేషన్‌కి పైన కొన్ని అంతస్తుల ఎత్తులో ఉంటుంది, అంతమంది ఒకేసారి ఎగురుతుంటే కాళ్ళ కింద కాంక్రీటు ఊగడం నాకు అరికాళ్ళలో తెలిసింది. భయమేసి బావ చెయ్యి పట్టుకుంటే "ఎప్పుడూ ఇంతే, ఏం కాదు" అన్నాడు, కళ్ళు మాత్రం స్టేజీ మీదే. పాట ఆగాక వాచీ చూపించాడు. అరగంట!

తర్వాతి పాటలూ బాగున్నాయి, విడిగా చెప్పలేను, నా మనసంతా ఆ అరగంటలోనే ఉండిపోయింది. అన్నీ అయ్యాక, జనం అరుపులకి మళ్ళీ స్టేజీ ఎక్కి వాయించే ఎంకోర్‌లో తిరిగి ‘లాన్ బాయ్’ దగ్గరికే వచ్చారు, ఇందాక తెరిచి వదిలేసిన తలుపు దగ్గరగా వేసినట్టు. పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

తిరుగు రైల్లో సీట్లు దొరకలేదు, తలుపు దగ్గర నిలబడ్డాం. నెవార్క్ దాటేదాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నేనే అడిగాను, "బావా, శుక్రవారం షోకి ఇంకో టికెట్ దొరుకుతుందా?"

ఆయన అప్పటికే ఫోన్లో వెతుకుతున్నాడు.