శాస్త్రి గారు రెండుసార్లు ఇచ్చిన రాజీనామా

లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా అనగానే అందరికీ తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదమే గుర్తొస్తుంది. అంతకుముందు మన మహబూబ్‌నగర్ ఉంది. 1956 వానాకాలంలో వరదకు వంతెన దెబ్బతిని, రాత్రిపూట రైలు అందులో పడింది. వందమందికి పైగా పోయారు. రైల్వేమంత్రిగా శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ తీసుకోలేదు. నవంబరు 23న అరియలూరు దగ్గర మళ్లీ అదే తీరు: వరద, వంతెన, రైలు. ఈసారి ఆయన పట్టు వదల్లేదు. తప్పు శాస్త్రిది కాదని పార్లమెంటులో చెబుతూనే, రాజ్యాంగ మర్యాద కోసం నెహ్రూ ఒప్పుకున్నారు.

‘జై జవాన్ జై కిసాన్’ లాంటి నినాదాలకన్నా నాకు ఆయన చేసిన ఇలాంటి పనులే ముఖ్యం. 1965లో ప్రధానిగా ఉండగా, తిండిగింజలకు కటకట వచ్చినప్పుడు తన బంగళా లాన్ దున్నించి పంట వేయించారు. వారానికో పూట భోజనం మానమని ప్రజలకు చెప్పినది ముందు సొంత ఇంట్లోనే అమలుచేశారంటారు. సోమవారం సాయంత్రాలు చాలా హోటళ్లు కూడా మూసేసేవి.