పాలిటీ గైడ్లు ఒకవైపు, అసలు రాజ్యాంగం ఒకవైపు

హన్మకొండ లైబ్రరీలో ఎవరి ముందు చూసినా గ్రూప్స్ పరీక్షల పాలిటీ (రాజ్యాంగం, పాలన) గైడ్లే. మా తమ్ముడూ ఆ బ్యాచే. ఏ ఆర్టికల్ అడిగినా టక్కున నంబర్ చెప్తాడు, కానీ 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది కదా, అయినా తెలంగాణ ఎట్లా వచ్చిందిరా అని అడిగితే నీళ్లు నమిలాడు. "అన్నా, పరీక్షలో అంత లోతుగా అడగరు" అట!

ఈ గైడ్లు కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించి ఆర్టికల్ 3 అని రెండు లైన్లు రాసి వదిలేస్తాయి. అసలు రాజ్యాంగం తెరిస్తే అక్కడే ఉంది, రాష్ట్రపతి బిల్లును అసెంబ్లీకి పంపేది అభిప్రాయం కోసమే, అసెంబ్లీ ఒప్పుకొని తీరాలని ఎక్కడా లేదు, ఆ తర్వాత పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న రాష్ట్రం. మన వరంగల్ పిల్లలకు, అదీ కాకతీయ యూనివర్సిటీ ఉద్యమం గురించి వింటూ పెరిగినవాళ్లకు, ఇది గైడ్‌లో వెతుక్కోవాల్సిన సంగతా?

మనీ బిల్లుదీ, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లుదీ, అదే కథ. రాజ్యసభ దాన్ని 14 రోజుల్లో తిప్పి పంపాలి, మార్పులు సూచించొచ్చు గానీ ఆపలేదు. ఎందుకు ఆపలేదో గైడ్ చెప్పదు.

రాజ్యాంగం తెలుగులో కూడా ఉంది, భాష కాస్త గ్రాంథికం, ఓపిక కావాలి. చట్టాలైతే ఇండియా కోడ్ సైట్‌లో ఫ్రీ. కొత్త బిల్లుల మీద పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల సారాంశాలు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి, సులువుగానే అర్థమవుతాయి. తెలుగులో అట్లాంటిది ఎవరైనా చేస్తున్నారా? తెలిస్తే కామెంట్లో పెట్టండి.