చలికాలం సెలవులకు సెవిల్

స్టాక్‌హోమ్‌లో డిసెంబరు వస్తే మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది. పగలంతా కలిపితే ఆరు గంటలు. క్రిస్మస్ సెలవులు జనవరి మొదటి వారంతో ముగిసిపోతాయి కాబట్టి సంక్రాంతికి రాజమండ్రి వెళ్లడం మాకు కుదరదు. అందుకే ఏటా ఆ సెలవుల్లో ఐరోపాలోనే కాస్త ఎండ కాసే నగరాన్ని వెతుక్కుంటాం. పోయిన శీతకాలం మా అమ్మ కూడా ఇక్కడే ఉండటంతో, ఆమె నడవగలిగే ఊరు కావాలన్న షరతు కొత్తగా చేరింది.

వాతావరణం ఒక్కటే లెక్క అయితే కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌కు పోటీ లేదు. జనవరిలోనూ అక్కడ పగలు 20 డిగ్రీలు దాటుతుంది. లిస్బన్ నాకు చాలా ఇష్టమైన ఊరు, కానీ డిసెంబరులో వానలు ఎక్కువ. తడిసిన రాళ్లు పరిచిన ఏటవాలు వీధుల్లో అమ్మను నడిపించలేను. చివరికి స్పెయిన్ దక్షిణాన ఉన్న సెవిల్‌ను ఎంచుకున్నాం. పగలు 16, 17 డిగ్రీలు, సాయంత్రం ఆరు దాకా వెలుతురు, ఎత్తుపల్లాలు లేని వీధులు. అమ్మ స్వీడన్ రావడానికి తీసుకున్న షెంగెన్ వీసాయే అక్కడికీ చెల్లుతుంది.

ఎండకంటే నాకు ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. స్టాక్‌హోమ్‌లో మా పిల్లలే మాకు పెద్దలు. నా స్వీడిష్ ఉచ్చారణను అమ్మాయి సరిదిద్దుతుంది. బడి నుంచి ఉత్తరం వస్తే మా వారు అబ్బాయి చేత చదివించుకుంటారు. రాజమండ్రి వెళ్తే ఇదంతా తిరగబడుతుంది. అన్నం కలుపుకోవడం మొదలుకొని చుట్టాలను పలకరించడం దాకా ప్రతిదీ మేమే దిద్దుతుంటాం, పిల్లలు ముడుచుకుపోతారు. సెవిల్‌లో మా ఇంటిల్లిపాదికీ స్పానిష్ రాదు. ఏ బస్సు ఎక్కాలో నాకూ తెలియదు, పిల్లలకూ తెలియదు. ఒకరికి ఒకరు నేర్పాల్సిన పని లేని చోట మా అందరి మధ్య మాట తేలికైంది. ఇంట్లో ఎప్పుడూ స్వీడిష్‌లో గుసగుసలాడుకునే అన్నాచెల్లెళ్లు, పక్కన అమ్మమ్మ నడుస్తుంటే రోజంతా తెలుగులోనే మాట్లాడారు. నేను ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

ఇండీస్ ఆర్కైవ్ అనే పాత దస్తావేజుల భవనం దగ్గర జరిగిన సంభాషణ నాకు బాగా నచ్చింది. అమెరికా ఖండాలతో స్పెయిన్ వర్తకాన్ని నడిపిన సంస్థ 1503లో ఈ ఊళ్లోనే వెలిసింది. కొలంబస్ సమాధి పక్కనే ఉన్న పెద్ద చర్చిలో ఉంది. మిరప, టమోటా, వేరుశనగ, జామ, బొప్పాయి అన్నీ అట్లాంటిక్ అవతల పుట్టినవేననీ, మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరం చేరిందనీ పిల్లలకు వాళ్ల నాన్న చెప్పారు. అబ్బాయి నమ్మలేదు.

"అమ్మమ్మా, అంతకుముందు గుంటూరులో మిరపకాయలే లేవా?"

"లేవు నాన్నా. కారానికి మిరియాలు వాడేవాళ్లు. ఇప్పటికీ మనం మిరియాల చారు పెట్టుకుంటాం కదా."

"అయితే ఆవకాయ?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఆవపిండి ఘాటుతో పెట్టేవాళ్లేమో" అంది. ఆ సాయంత్రమంతా ముగ్గురూ మిరపకాయ లేని వంటలు వెతికారు. మన వంట మనదిగా మారడానికి కూడా కొంత కాలం పట్టిందని తెలుసుకోవడం, రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలకు ధైర్యమిస్తుందని నేను నమ్ముతాను.

తిండికి ఇబ్బంది పడలేదు. పాలకూర, శనగలు కలిపి వండే కూర సెవిల్‌లో ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. అందులో జీలకర్ర వాసన తగలగానే అమ్మ ముఖం విప్పారింది. వీధుల్లో చెట్ల నిండా నారింజలు కనిపిస్తాయి గానీ అవి చేదు రకం, తినడానికి పనికిరావు. పిల్లలకు ముందే చెప్పండి.

జనవరి 5 సాయంత్రం వీలైతే అక్కడే ఉండండి. బాల ఏసును చూడటానికి వచ్చారని చెప్పే ముగ్గురు రాజుల ఊరేగింపు వస్తుంది. బండ్లమీద నుంచి పిల్లల మీదికి మిఠాయిలు విసురుతారు, జనం గొడుగులు తిరగేసి పట్టుకుంటారు. అమ్మకు వెంటనే భోగిపళ్లు గుర్తొచ్చాయి. రేగిపళ్లు, చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి పిల్లల తలమీద ఎలా పోస్తారో ఆ రద్దీలోనే మనవరాలికి చెప్పింది. వీడియోలు చూపించి నేనెంత వివరించినా పట్టని విషయం ఆ అమ్మాయికి అప్పుడు పట్టింది. ఇంటికొచ్చాక భోగినాడు మిగిలిన మిఠాయిలను తనే పళ్లెంలో కలిపింది.

రాత్రి తొమ్మిదింటికి కూడా పిల్లలు ఆడుకుంటూ, తాతలు, నాయనమ్మలు బెంచీలమీద కబుర్లు చెప్పుకుంటూ కనిపించే ఊరది. స్టాక్‌హోమ్‌లో మంచు మీద జారిపడతానన్న భయంతో గడప దాటని అమ్మ, అక్కడ రోజూ చీకటి పడ్డాక బయటికి వెళ్దామని తనే అడిగింది.

ఒక జాగ్రత్త. బయట ఎండ ఉన్నా అక్కడి ఇళ్లు వేసవి కోసం కట్టినవి. గచ్చు చల్లగా ఉంటుంది, రాత్రి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. అద్దెకు తీసుకునే ఇంట్లో ప్రతి గదికీ హీటరు ఉందో లేదో ముందే అడగండి, పెద్దవాళ్లకు మేజోళ్లు మరవకండి. క్రిస్మస్, జనవరి 1, 6 తేదీల్లో చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి పాలు, కూరగాయలు ముందురోజే తెచ్చుకోవాలి.

ఈసారి అబ్బాయి వాలెన్సియా అంటున్నాడు, అమ్మాయి పలెర్మో అంటోంది. ఏ ఊరైనా అమ్మ వీసా తేదీలను బట్టే టికెట్లు కొంటామని ఇద్దరికీ చెప్పాను.